జవాబు లేని తిట్టు

బిష్కెక్
జూన్ 18

జూరకాన్ అక్కకి,

పెళ్లిరోజున పదిమంది మధ్య నవ్వుతూ తిట్టించుకున్న తిట్టు, మర్నాటి నుంచి ఎక్కడ ఉంటుంది? ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న నాతో తిరుగుతోంది. దీనిమీదే పరిశోధన చేశాను, పట్టా తెచ్చుకున్నాను, పిల్లలకి పాఠం చెబుతున్నాను. జవాబు మాత్రం ఇప్పటికీ తెలియదు.

నిన్న నీ పులిసిన గుర్రప్పాలు నగరానికి తోలే డ్రైవరు జోల్చు మా గుమ్మంలో నిలబడి, బూట్లైనా విప్పకుండా, నువ్వు పంపిన కబురు ఒప్పజెప్పాడు. "మీ అక్క చెప్పమంది: నా గొంతు దొంగిలించిన దొంగముండవి నువ్వేనట. ఒక్క మాట మార్చినా కుమిస్ తోలడానికి ఇంక రావద్దంది, అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను, తప్పుగా అనుకోకండి మేడం" అన్నాడు. పక్కింటివాళ్లు తలుపు సందులోంచి చూశారు. నీకు కావలసింది అదే అయితే, జరిగింది.

ఇక నా మాట విను. కిందటి అక్టోబరులో తలాస్‌లో మన కెరెజ్ పెళ్లినాడు నువ్వు వియ్యపురాలు సెయిల్‌కాన్‌ని పట్టుకుని పాడావు. మా యూనివర్సిటీ పాటల గదిలో దాచడానికి నేను ఫోన్లో పట్టాను. నీ ఎదురుగానే పట్టాను, నువ్వు చూసి ఇంకాస్త గొంతెత్తావు కూడా. మెదెర్ అని నా పాత విద్యార్థి, ర్యాప్ పాటలు కడతాడు. ఆ గదిలో పాతవన్నీ వింటూ నీ దగ్గరికొచ్చి ఆగిపోయాడు. "మేడం, ఇరవై పాటల్లో నేను చెప్పలేకపోయింది ఈవిడ నాలుగు వరుసల్లో చెప్పేసింది" అన్నాడు. అతని పాటలో నీ నాలుగు వరుసలూ నీ గొంతుతోనే పల్లవిగా వస్తాయి. నీ పేరు లేదు, ఊరి పేరు లేదు.

నగరంలో ఏ మినీ బస్సు ఎక్కినా నువ్వే. పాతికేళ్లుగా మన పిల్లలు రష్యన్ బూతులతో పాటలు కడుతున్నారు, వింటూ టీ తాగాం. మన భాషలో ఒక్క 'ముండ' వినపడేసరికి ఆకాశం విరిగిపడుతోంది. ఇందులో నువ్వు సిగ్గుపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. నేనైతే గర్వపడ్డాను.

రెండు సీసాల కుమిస్ పంపు. కోపం చల్లారాకే పంపు.

నీ చెల్లెలు
కనిషాయ్


సూసమీర్ పచ్చిక
జూన్ 25

కనిషాయ్‌కి,

ఎలా ఉన్నావని అడగను. గుట్టెక్కితే ఇక్కడా ఫోను పలుకుతుంది, కానీ నీతో మాట్లాడ్డానికి నేను గుట్ట ఎక్కను.

నీ ప్రశ్న చదివాను. ఇరవై ఏళ్లు మోశావా? గాడిద కూడా మోస్తుంది, దాన్నెవరూ మేడం అనరు. నన్నడిగితే మొదటి రోజే చెప్పేదాన్ని.

నేనెలా విన్నానో తెలుసా? ఈ నెల మొదటి సోమవారం ఒక తెల్లకారు మా గుడారం ముందు ఆగింది. నాలుగు తలుపులూ తెరిచారు. నేను గరిటె పట్టుకుని కుమిస్ పోస్తున్నాను. కారులోంచి నా గొంతు:

వియ్యపురాలి నోరు వంట కజానంత,
గుండె చూస్తే గొర్రె పెంటికంత,
ముడ్డూపుకుంటూ వచ్చిందే ముండ
మా మందలో మేలైన పిల్లనెత్తుకు పోను!

నా నోరు మూసి ఉంది, నా గొంతు కూస్తోంది. చచ్చాక ఇలా ఉంటుందేమో అనుకున్నాను. వాళ్లలో ఒక పిల్ల నన్ను "కప్పులో ఇంకాస్త పొయ్యి ఆంటీ" అంటుంటే నేను "సరే" అన్నాను. అంతే, ఆ పిల్ల నా మొహంకేసీ, కారుకేసీ చూసి, "ఓయ్, ఆ ముండావిడ ఈవిడే!" అని అరిచింది. ఫోటోలు దిగారు. నాతో ఆ మాట మళ్లీ అనమన్నారు. గరిటె విసిరాను. విసిరింది కూడా ఫోటో తీశారు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. పాటలయ్యాక సెయిల్‌కాన్ లేచొచ్చి నా భుజాలమీద ఆకుపచ్చ మఖమల్ కోటు కప్పింది. కప్పగానే పాట నోరు కుట్టేసినట్టు. తర్వాత ఒక్క పళ్లెంలో మాంసం తిన్నాం. ఆ తిట్టు ఆ పూటది. మర్నాడు అదే మాట అంటే పాట కాదు, గుమ్మంలోకి వెళ్లి ఉమ్మినట్టు. నువ్వు నా నోటితో రోజుకి వెయ్యిసార్లు ఆవిడ గుమ్మంలో ఉమ్మిస్తున్నావు. ఆ గుమ్మం లోపల ఉన్నది నా కూతురు.

చిక్కుడు కోతకి వాళ్ల వంశమంతా తలాస్‌లో చేరుతుంది. ఆలోగా ఆ పాట ఆపించు. సీసాలు పంపలేదు. మీ నగరంలో పొడి పాలు దొరుకుతాయిగా, తాగు.

జూరకాన్
(అక్క అని రాయలేదు, చూసుకో.)


బిష్కెక్
జూలై 4

జూరకాన్ అక్కకి,

నువ్వు రాయకపోయినా అక్కవే, ఏం చేస్తాం.

ఆపించమన్నావు. ఆపించగలను. ఆ రికార్డు వాడుకోవచ్చని మెదెర్‌కి నేను సంతకం చేసి ఇచ్చాను, వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో సంతకం పెడితే పాట ఆగిపోతుంది. కానీ పెట్టను. ఎందుకు పెట్టాలి? సెయిల్‌కాన్ ఒక్కమాట అనలేదు. కెరెజ్‌కి ఫోన్ చేశాను, "అంతా బాగానే ఉంది పిన్నీ" అంది. బాధ పడాల్సిన వాళ్లు పడటం లేదు, కొండమీద కూర్చుని నువ్వు పడుతున్నావు.

ఇంకో సంగతి. నువ్వు ఆ రోజు పాడింది నాలుగు వరుసలు కాదు, ఆరు. మిగతా రెండూ నేనే తీసేయించాను. ఆవిడ నడుం కింది భాగాన్ని గురించి నువ్వు చెప్పినది రాయడానికి కూడా నా చేయి రాలేదు. కోటు, మర్యాద, ఒక్క పళ్లెం మాంసం అని ఇప్పుడు పాఠం చెబుతున్నావు. ఆ రోజు పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ "ఇంకోటుంది, ఇంకోటుంది" అన్నది ఎవరు?

రేడియోవాళ్లు నీ 'ముండ' మీద ఒక కూత పెట్టారు, టీఁ అని. దాంతో ఏమైందో తెలుసా? మా సందులో చిన్నపిల్లలు ఆ చోటు రాగానే అందరూ కలిసి గట్టిగా ఆ మాట పూరిస్తున్నారు. పెట్టకముందు సగం మందికి వినబడేదే కాదు. మా శాఖాధిపతి నన్ను పిలిచి, "ఇది సంస్కృతా, బురదా? ఒక్కముక్కలో చెప్పండి" అన్నాడు. "రెండు ముక్కలు పడతాయి సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. చూశావా, నీ పాట కోసం నేనూ మాటలు పడుతున్నాను.

టీ పొడి, టార్చిలైటు బ్యాటరీలు పంపుతున్నాను. విసరకుండా వాడుకో.

కనిషాయ్


సూసమీర్
జూలై 13

కనిషాయ్‌కి,

బ్యాటరీలు అందాయి. టీ పొడి జోల్చుకిచ్చేశాను. వాడు ఆ పాట కూనిరాగం తీసుకుంటూ వచ్చాడు, నన్ను చూసి దగ్గు నటించాడు.

కెరెజ్ బాగానే ఉంది అందా? కోడలు ఫోన్లో ఇంకేమంటుంది? అత్తగారి పేరు కూడా నోటితో పలకకూడని పిల్ల, పక్కగదిలో అత్తగారు ఉండగా, నీకు తన గోడు పాడి వినిపిస్తుందా? పాటలు పోగేస్తావు కానీ మనుషులు నోరు మూసుకుంటే ఏమంటున్నారో నీకు వినబడదు.

అవును, నవ్వాను. ఇంకోటుంది అన్నాను. ఎవరిముందు? ఆవిడ ముందు. ఆవిడా నవ్వింది. ఎదురుగా నిలబడి తిట్టడానికి దమ్ము కావాలే. నీ మెదెర్ ఎవరికి ఎదురుగా నిలబడ్డాడు?

నువ్వు సంతకం పెట్టనన్నావు కాబట్టి నేను చేయగలిగింది నేను చేశాను. మాట మళ్లీ లేచి తిరుగుతుంటే ఆ కోటు నా దగ్గర ఉండకూడదు. నోరు మూసుకున్నందుకు ఇచ్చిన కోటది. నా నోరు తెరిచే ఉందిగా, దేశమంతా వింటోంది. అన్యాయంగా ఎందుకు ఉంచుకోవాలి? దులిపి, మడతపెట్టి, తెల్లగుడ్డలో చుట్టి జోల్చుకిచ్చి తలాస్ పంపాను. "వియ్యపురాలికి ఇవ్వు, ఇది ఉంచుకునే హక్కు నాకు లేదని చెప్పు" అన్నాను.

ఇప్పుడు కాస్త నిద్ర పడుతోంది. నీకు పడుతోందా?

జూరకాన్


బిష్కెక్
జూలై 24

అక్కా,

ఏం చేశావో నీకు తెలుసా? కోటు వెనక్కి పంపడమంటే ఏమిటో ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకన్నా నీకే బాగా తెలియాలి! పెళ్లిలో పెట్టిన బట్ట తిప్పి పంపితే బంధుత్వం తెంచుకున్నట్టని మన అమ్మమ్మ కాలంనుంచీ ఉన్న మాటే కదా. న్యాయం చేస్తున్నానని మూటకట్టి కూతురి కాపురం పంపించేశావు.

కెరెజ్ మా ఇంట్లో ఉంది. బుధవారం సాయంత్రం ఒక సంచీతో వచ్చింది. చేతివేళ్లు చిక్కుడాకు పసరుతో పచ్చగా ఉన్నాయి, కడుక్కోవడానికి కూడా ఆగలేదట. జరిగింది తను చెప్పినట్టే రాస్తున్నాను.

సెయిల్‌కాన్‌కి పాట సంగతి మే నెల నుంచే తెలుసు. పొలంలో కలుపు తీసే ఆడవాళ్లు ఆవిడ వచ్చేసరికి పాట ఆపి, దాటగానే అందుకునేవారు. ఆవిడ కెరెజ్‌ని ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, పిండి కలుపుతూ, "మీ అమ్మకి నేనిచ్చిన జవాబు ఏదీ? దానికి పాట కట్టలేదేం?" అందట. ఆ జవాబు రికార్డు కాలేదని తెలియక అంది. కెరెజ్ తలొంచుకుని పొయ్యి రాజేసిందట. అంతవరకే. ఆ తర్వాత జోల్చు తెల్లమూట తెచ్చాడు. ఆవిడ విప్పి, కోటు చూసి, చాలాసేపు దానిమీద చెయ్యి వేసి కూర్చుంది. మర్నాడు కెరెజ్‌ని పిలిచి, "మీ అమ్మ తెంచింది. నేను తెంచలేదు. పెద్దలు కూర్చుని మాట్లాడేవరకూ నువ్వు మీవాళ్ల దగ్గరుండు" అని బిష్కెక్ బండి ఎక్కించింది. దారికి రొట్టె కూడా కట్టిచ్చింది.

అల్లుడు ఉలార్ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఆ పిల్ల బాల్కనీలోకి వెళ్లి మాట్లాడి, కళ్లు తుడుచుకుని వచ్చి గిన్నెలు తోముతుంది. వెళ్లిపోవాలని ఉంది దానికి. "కోత టైముకి వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేను పిన్నీ" అంటోంది.

జవాబు సంగతి ఆవిడ మళ్లీ ఎత్తితే చెప్పమని కెరెజ్‌తో అన్నాను: నువ్వు పాడటం అవుతూనే నా ఫోన్‌లో చార్జింగు అయిపోయింది, ఆవిడది ఎక్కలేదు. ఇందులో నా తప్పు లేదు. కోటు పంపింది నేను కాదు. గుట్ట ఎక్కు. ఫోన్ చెయ్యి. నాకు కాదు, ఆవిడకి.

కనిషాయ్


సూసమీర్
ఆగస్టు 3

కనిషాయ్‌కి,

గుట్ట ఎక్కాను. మోకాళ్లు ఇప్పటికీ నొప్పి.

ఆవిడ ఫోనెత్తగానే "ఎవరూ?" అంది. నా పేరు చెప్పాను. "చెప్పక్కర్లేదు, నీ గొంతు దేశంలో అందరికీ తెలుసు" అంది. తిట్లు తినడానికే కదా నేను గుట్ట ఎక్కింది. కోటు ఎందుకు పంపానో చెప్పాను. "మరి ఆ మాట మూటలో కాగితం మీద రాసి పెట్టొచ్చుగా, మొద్దుదానా" అంది. మొద్దుదానా అన్నప్పుడు నా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆగస్టు పంతొమ్మిది శనివారం పెద్దలు కూర్చుంటారు. ఆవిడ అడిగింది ఒక్కటే. పాట ఆపమని అనలేదు. "ఆపితే ఏముంది, అందరూ వినేశారు. జూరకాన్ తిడితే సెయిల్‌కాన్ నోట మాటరాక కోటు కప్పి పోయిందని మా మనవల దాకా అనుకుంటారు. నేను తిరిగి అన్నానా లేదా? జనం దొర్లి దొర్లి నవ్వారా లేదా? అది కూడా వినిపించమను. అప్పుడు కోటు మళ్లీ నా చేత్తో కప్పుతాను, పిల్లని నేనే వచ్చి తీసుకెళతాను" అంది. న్యాయమే అడిగింది. ఇద్దరం తిట్టుకుంటే ఆట. ఒక్కదాని నోరు కట్టేసి ఇంకోదాన్ని మాత్రం వదిలితే దాన్ని ఏమంటారో నీ పుస్తకాల్లో వెతుక్కో.

ఇప్పుడు నీ సంగతి. చార్జింగు అయిపోయిందా? పాటలయ్యాక కెరెజ్‌కి తెల్ల ముసుగు వేయడం, పిల్లలు నూనెలో వేయించిన బోర్సోక్‌ల కోసం కొట్టుకోవడం అదే ఫోన్‌లో పట్టి రాత్రి నాకు చూపించావు. నా కళ్లు బాగానే ఉన్నాయి. నాతో అబద్ధమాడు, ఫరవాలేదు, చిన్నప్పటినుంచీ అలవాటే. కెరెజ్ చేత ఆడించకు.

ఆవిడ ఆ రోజు ఏమందో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. నేను రాయను. కిందటి ఉత్తరాల్లో నిన్ను అనరానివన్నీ అన్నాను, అది మాత్రం అనలేదు. గమనించావో లేదో.

జూరకాన్


బిష్కెక్
ఆగస్టు 15

అక్కా,

గమనించాను.

చార్జింగు అయిపోలేదు. నువ్వు పాడుతున్నంతసేపూ నేను ఫోను ఎత్తిపట్టుకుని నవ్వుతూనే ఉన్నాను. సెయిల్‌కాన్ లేచి, తలరుమాలు బిగించుకుని, మొదటి వరుస నీ మీద పాడుతుందనుకుంటే వేలు నావైపు తిప్పింది. నాలుగు వరుసలూ పూర్తిగా ఎక్కాయి. ఆ రాత్రే వాటిని కత్తిరించి వేరే పేరుతో దాచాను. చెరిపెయ్యలేకపోయాను. పాటలు పోగేసేదాన్ని కదా, పాటను చంపడానికి చెయ్యి రాలేదు. బయటపెట్టడానికీ రాలేదు. మెదెర్ "మేడం, అవతలివాళ్ల జవాబు ఉండాలే, ఎక్కడా లేదేం?" అని అడిగినప్పుడు అతనికీ అదే అబద్ధం చెప్పాను.

పది నెలల తర్వాత నిన్న మొదటిసారి విన్నాను. ఒక్కదాన్నే వినే ధైర్యం లేక కెరెజ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇప్పుడు రాస్తాను. నువ్వు రాయనన్నావు కాబట్టి నేనే రాయాలి.

చదువుల గుర్రం, గొడ్డు గుర్రం నీ చెల్లెలు,
ఈనదు, ఇంకోళ్ల పిల్లల్ని లెక్కపెడుతుంది,
పొదుగు పట్టుకుని పిండి చూడవే,
పాలు రావు, సిరా కారుతుంది ముండకి!

వినగానే కెరెజ్ నవ్వింది. ఆపుకోలేక, ముక్కులోంచి పొంగుకొచ్చిన నవ్వు. తర్వాత నా మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆవిడ అలా అనుకోదు పిన్నీ, నిజంగా, నీ గురించి మంచిగానే మాట్లాడుతుంది, పాట కోసం అంది" అంది. సరిగ్గా అదే మాట నేను పిల్లలకి ప్రతి ఏడూ చెబుతాను. తిట్టుపాటలో మాట మనిషికి తగలదు, వేషానికి తగులుతుంది అని. నల్లబల్ల మీద రాస్తాను కూడా. నాకు మాత్రం మనిషికే తగిలింది. పెళ్లైన తొమ్మిదేళ్లూ డాక్టర్ల చుట్టూ తిరిగింది నాకూ, నీకూ, విడిపోయిన ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. రెండు వందల మంది పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే అందరికీ తెలుసని అర్థమైంది. రికార్డులో నీ నవ్వు లేదు, వెతికాను. మిగతా అందరి నవ్వూ ఉంది. నాది కూడా ఉంది, మొదటి వరుస దాకా.

ఇంకా సిగ్గుచేటైన సంగతి చెప్పనా? అది బాగుంది. నీ పాటకన్నా బాగుంది. 'సిరా' దగ్గర ఆవిడ గొంతు కాస్త ఆగి పడుతుంది, చూడు, అలా ఆగడం నేర్పితే వచ్చేది కాదు. ఇంకెవరి మీదైనా పాడి ఉంటే నేను దానిమీద వ్యాసం రాసేదాన్ని.

మెదెర్‌ని అడిగాను, అవతలి జవాబు దొరికితే ఎన్నాళ్లు పడుతుందని. "రెండు రోజులు మేడం. పంపండి, ఇప్పుడే కూర్చుంటాను" అన్నాడు. అంటే రేపు పంపితే శనివారానికి సిద్ధం. అదే పల్లవి పక్కన, అదే మినీ బస్సుల్లో. టీఁ కూత ఎక్కడ పెడతారో కూడా తెలుసు, మా సందు పిల్లలు ఏం పూరిస్తారో తెలుసు. సెప్టెంబరు ఒకటిన క్లాసులోకి వెళితే యాభై మంది నా చేతిలోని పెన్ను వంక చూస్తారు.

మొత్తం పాట ఆపేయిస్తే పోదా అని కూడా ఆలోచించాను. సంతకం పెట్టడానికి కాగితం కూడా తీశాను. నీ గౌరవం కోసం జూలైలో పెట్టని సంతకం, నా గౌరవం కోసం ఆగస్టులో పెట్టబోయాను. అది అర్థమయ్యాక కాగితం చింపేశాను. అంతకుమించి నా దగ్గర చెప్పుకోదగ్గ పని ఏమీ లేదు.

కెరెజ్ సంచీ సర్దుకుని గుమ్మం పక్కనే పెట్టుకుంది. నన్ను ఏమీ అడగడం లేదు. కోడళ్లు అడగరని నువ్వన్నావుగా. అది అడగకపోవడం నాకు ఇప్పుడు వినబడుతోంది.

నువ్వు వెంటనే గుట్టెక్కి "పంపు" అంటావు, నాకు తెలుసు. తిట్టు. తిట్టడానికి నీకు హక్కుంది. జోల్చు కింద హారన్ కొడుతున్నాడు, ఇది ఇచ్చేయాలి. రేపటిలోగా ఆ ముక్క పంపకపోతే ఈ పిల్ల ఇల్లు పోతుందని స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా, పంపుతానో లేదో నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను అక్కా.

కనిషాయ్